మోకాలి లెక్క: కోతకు తొందర లేదు, కూతకు అసలే లేదు

కబడ్డీలో కూతకు వెళ్లిన కుర్రాడు చటుక్కున వెనక్కి తిరిగాడనుకుందాం. ఒళ్లు తిరిగింది, పాదం మాత్రం నేలకు అతుక్కుపోయింది. మోకాట్లో 'టప్'మంది. రెండు మూడు గంటల్లో బూరెలా పొంగింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. నాలుగు వారాలకు వాపు తగ్గి, నడక వచ్చింది. బెణుకేలే అని మళ్లీ బరిలోకి దిగితే, పక్కకు అడుగేయగానే మోకాలు పట్టు తప్పింది.

ఏసీఎల్ తెగితే చాలాసార్లు ఇలాగే ఉంటుంది. తొడ ఎముకను, కింది కాలి ఎముకను కలిపి పట్టే ఈ లిగమెంట్ పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. ఎక్స్‌రేకు చిక్కదు. డాక్టరు కాలిని ముందుకు లాగి చూసే పరీక్షతోనూ ఎంఆర్‌ఐతోనూ బయటపడుతుంది. రిపోర్టు రాగానే ఇంటిల్లిపాదీ అడిగేది ఒక్కటే: ఆపరేషన్ చేయించాలా, వద్దా?

121 మంది

ఈ ప్రశ్నకు స్వీడన్‌లో జవాబు వెతికారు. కొత్తగా ఏసీఎల్ తెగిన 121 మంది యువకులు, యువతులను రెండు జట్లుగా విడదీశారు. 62 మందికి తొలి వారాల్లోనే ఆపరేషన్, ఆపైన వ్యాయామ చికిత్స. మిగతా 59 మందికి ముందు వ్యాయామమే. మోకాలు నిలవకపోతే అప్పుడు ఆపరేషన్. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండేళ్లకు రెండు జట్ల మోకాళ్ల పరిస్థితీ దాదాపు ఒక్కటే. ఆగి చూసినవాళ్లలో అప్పటికి 23 మంది, ఐదేళ్లకు 30 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే దాదాపు సగం మందికి ఆ అవసరమే రాలేదు. అయితే వీళ్లలో ప్రొఫెషనల్ ఆటగాళ్లు లేరు.

316 మంది

బ్రిటన్ లెక్క ఇంకోలా ఉంది. అక్కడివి పాత గాయాలు, పట్టు తప్పుతూనే ఉన్న మోకాళ్లు. 2022లో వచ్చిన ఈ అధ్యయనంలో 316 మంది ఉన్నారు. 18 నెలలకు మోకాలి పరిస్థితికి ఆపరేషన్ జట్టుకు 100కు 73 మార్కులు, వ్యాయామ జట్టుకు 64.6. వ్యాయామ జట్టులో 41 శాతం మంది తర్వాత ఆపరేషన్ వైపే వెళ్లారు.

రెండూ కలిపి చదివితే సంగతి తేలుతుంది. గాయం కొత్తదైతే కొన్ని వారాలు వ్యాయామం చేసి చూడవచ్చు. నెలలు గడిచినా మెట్లు దిగుతుంటేనో, మలుపు తిరుగుతుంటేనో కాలు మోసం చేస్తోందంటే ఆపరేషన్ మాట గట్టిగా ఆలోచించాలి. చినిగిన మెనిస్కస్ (మోకాట్లోని మృదులాస్థి మెత్త) అడ్డుపడి మోకాలు చాపలేకపోతే మాత్రం ఆగకూడదు, వెంటనే సర్జన్‌కు చూపించాలి.

9 నెలలు

ఆపరేషన్ అయిందంటే సగం పనే అయినట్టు. తొడ వెనకనుంచో మోకాలిచిప్ప కిందనుంచో తీసి అమర్చిన స్నాయువు తొలి నెలల్లో బలహీనంగానే ఉంటుంది. దానికి రక్తనాళాలు చేరి లిగమెంట్‌లా మారడానికి టైం పడుతుంది. నొప్పి అంతకుముందే తగ్గిపోతుంది, ప్రమాదం అక్కడే ఉంది.

ఆపరేషన్ చేయించుకున్న 106 మందిని నార్వే, అమెరికా పరిశోధకులు రెండేళ్లు గమనించారు. మైదానంలోకి రావడం ఒక్కో నెల వాయిదా పడేకొద్దీ, తొమ్మిదో నెల దాకా, మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. తిరిగొచ్చే ముందు పెట్టే పరీక్షల్లో తప్పినవాళ్లలో 38 శాతం మంది మళ్లీ దెబ్బతిన్నారు. నెగ్గినవాళ్లలో ఆ లెక్క 6 శాతం లోపే. అధ్యయనం చిన్నదే, తేడా మాత్రం చిన్నది కాదు.

90 శాతం

ఆ పరీక్షల్లో ఒకటి చూడటానికి తొక్కుడుబిళ్ల ఆటలా ఉంటుంది. సుద్దగీత దగ్గర ఒంటికాలిపై నిలబడి ముందుకు గెంతి, అదే కాలిపై తూలకుండా ఆగాలి. బాగున్న కాలితో 150 సెంటీమీటర్లు దాటి, గాయపడిన కాలితో 120 దగ్గరే ఆగితే 80 శాతం. కావలసింది 90, అంటే 135. తొడ ముందు కండరం బలాన్నీ ఇలాగే రెండో కాలితో పోల్చి కొలుస్తారు.

డాక్టరును "ఎన్ని నెలలకు ఆడొచ్చు?" అని అడగడం మామూలే. దానితోపాటు "నా రెండు కాళ్ల తేడా ఇప్పుడెంత?" అని కూడా అడగండి. తొమ్మిది నెలలు నిండినా ఆ 15 సెంటీమీటర్లు తక్కువే ఉంటే, కూతకు ఇంకా వేళ కాలేదు.