ప్రొఫైలరు చిట్టా, ఆవర్జా: కమాండ్ లైన్ ఫలితముల కూర్పు

కంప్యూటరు ప్రోగ్రాము మందగించినప్పుడు దానిలో ఏ భాగము కాలమును హరించుచున్నదో కనుగొనుటకు ప్రొఫైలరు అను సాధనమును వాడుదురు. కాలమును కొలుచు పద్ధతులను గూర్చి ప్రోగ్రామరులు విరివిగా చర్చింతురు. కొలిచినదానిని కమాండ్ లైనుపై నెట్లు చూపవలెనను విచారము మాత్రము తరచుగా వెనుకబడును. ఇది యుచితము కాదు. కొలత సరియైనదే యైనను చూపిన తీరు చాలనిచో, చదువరి నిర్దోషియైన భాగమును దిద్దుచు దినములు వ్యర్థపుచ్చును.

యూనిక్సులో తొలుత ప్రోఫ్ అను సాధనము ఉండెడిది. ఏ ఫంక్షనులో నెంతకాలము గడచినదో, దాని నెన్నిమారులు పిలిచిరో అది చూపెడిది. పిలిచినదెవరో చెప్పెడిది కాదు. పద్దులను వరుసలో నుంచు ఫంక్షనొకటి, రెండు పేర్లను పోల్చు చిన్న ఫంక్షనును లక్షలమారులు పిలుచుచున్న దనుకొందము. పట్టికలో పోల్చునదియే మొదట నిలుచును. దోషము అనవసరముగా పిలిచినవానిది, నింద పిలువబడినదానికి. ఈ లోపమును తీర్చుటకే బర్క్లీలో గ్రాహమ్, కెస్లర్, మెక్‌క్యూసిక్ అను మువ్వురు జీప్రోఫ్‌ను నిర్మించి 1982లో దానిని వివరించిరి. నేటి గ్నూ జీప్రోఫ్‌లో ‘-పి’ అన్నచో వట్టి పట్టికయు, ‘-క్యూ’ అన్నచో పిలుపుల సంబంధమును తెలుపు పట్టికయు వచ్చును. ఏదియు కోరనిచో రెండును వచ్చును. తెలియనివాడు సగము మాత్రమే చూచి మోసపోకుండుటకు ఇది మంచి యేర్పాటు.

ప్రతి పట్టిక క్రిందను నిలువు వరుసల యర్థమును జీప్రోఫ్ విపులముగా ముద్రించును. మొదటిసారి చదువువానికి అది దీపము, నూరవసారి చదువువానికి అడ్డు. ‘-బి’ అని చేర్చినచో ఆ వివరణము తొలగును. వివరణమును కోరి తెప్పించుకొను భారమును క్రొత్తవానిపై వేయక, తొలగించుకొను శ్రమను ఆరితేరినవానికి విడిచిరి.

మన వర్తకులు చిట్టాను, ఆవర్జాను వేరుగా నుంచుట యెల్లరెరిగినదే. జరిగినది జరిగినట్లు చిట్టాలో కెక్కును. పేరుపేరున ఏరి కూర్చుట ఆవర్జా పని. జీప్రోఫ్‌లోను ప్రోగ్రాము ముగియునప్పుడు కొలతలు ఒక ఫైలున కెక్కును; పట్టిక పిదప తయారగును. 2009లో లినక్సు కెర్నలుతో చేరిన పెర్ఫ్‌లో వ్రాయుటకు ‘రికార్డ్’, చూపుటకు ‘రిపోర్ట్’ అని రెండు ఆజ్ఞలే గలవు. పైథాను భాషకు చెందిన సీప్రొఫైల్‌లో క్రమమును నిర్ణయించు ‘-ఎస్’, ఫైలునకు వ్రాయించు ‘-ఓ’ ఉన్నప్పుడు పనిచేయదు. చిట్టాకు క్రమముతో పనిలేదు గదా! ఒక్కమారు కొలిచి పలుమారులు పలువిధముల చూచుకొనుటకు ఈ విభజనమే యాధారము.

ఫలితమును చదువువారు మనుష్యులు మాత్రమే కారు. మరియొక ప్రోగ్రాము కూడ చదువును. పెర్ఫ్‌లోని ‘స్టాట్’ ఆజ్ఞ పెద్దసంఖ్యలను కన్నులకు సుకరముగా నుండునట్లు విభజించి చూపును. ‘-ఎక్స్’ అని వేరుచేయు గుర్తును కోరినచో ఆ విభజనమును మానివేయును, లేనిచో సంఖ్యలోని కామాకును వరుసలను విడదీయు కామాకును భేదము పోవును. రెండింటిని ఒక్కసారి పట్టుబట్టి కోరినవానికి అది సాధ్యముకాదని తెలిపి విరమించును. ఇట్లు నిరాకరించుటయే మేలు. తప్పుగా విడిపోయిన సంఖ్య దోషమని యెవరికిని తోచదు.

ఇదే యాజ్ఞ తన ఫలితమును సామాన్యముగా స్టాండర్డ్ ఎర్రర్ అను మార్గమున పంపును. కొలువబడు ప్రోగ్రాము ఫలితము స్టాండర్డ్ ఔట్‌పుట్‌న పోవుచుండును గనుక రెండును కలిసిపోవు. కావలసినవారు ‘-ఓ’తో వేరొక ఫైలునకు మరల్చుకొందురు.

తొలగింపదగనివి కొన్ని కలవు. జీప్రోఫ్ పట్టిక తలపై ఒక్కొక్క నమూనా యెన్ని సెకండ్లకు సమానమో, సాధారణముగా 0.01 సెకండని, ఒక పంక్తి యుండును. ‘-బి’ వివరణములనన్నిటిని తీసివేసినను ఈ పంక్తిని ముట్టదు. దానిని చూచినవాడు, 0.00 అని కనబడిన ఫంక్షను కాలమే తీసికొనలేదని భ్రమపడడు.