జేసీబీ కన్నా ముందు పార

మా పాలమూరు ఊళ్ల పక్కన బూడిదరంగు మట్టి దిబ్బలుంటాయి. పాటిదిబ్బలంటారు. ఒకప్పుడు ఊరు ఉండి పాడుబడిన చోట్లవి. ఆ మట్టి పొలానికి బలమని రైతులు బండ్లకెత్తి తోలుకునేవారు. పెంకులు, ఎముకలు, పూసలు కూడా మట్టితోపాటే చేలల్లోకి పోయేవి.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టుతో కృష్ణ, తుంగభద్రల ఒడ్డు ఊళ్లు మునిగాయి. గుళ్ల సంగతి అందరికీ తెలుసు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయికీ అంకె వేసి విప్పి అలంపురంలో కట్టారు. సోమశిల, జటప్రోలు గుళ్లనూ ఎత్తైన చోట్లకు తరలించారు. దిబ్బను అలా తరలించలేం. అందుకే నీళ్లు రాకముందే పెద్దమారూరు, చినమారూరు, చాగటూరులలో పురావస్తు శాఖ తవ్వింది. నా దృష్టిలో గుళ్ల తరలింపు ఎంత గొప్పదో ఇదీ అంతే గొప్ప పని. దాని గురించి చెప్పేవాళ్లే తక్కువ.

ఇలాంటి తవ్వకంలో ముందు దిబ్బ మీద అక్కడక్కడ చిన్న గుంతలు తీస్తారు. గడపారతో పొడవరు, చిన్న తాపీతో గీకుతారు. మట్టి రంగు మారితే ఆగి, కొలత రాసుకుని, కిందికి దిగుతారు. గుంత గోడను నిలువునా చెక్కితే బూడిద, పేడమట్టి నేల, కూలిన గోడ ఒకదాని కింద ఒకటి చారలుగా కనబడతాయి. ప్రతి చారకూ చీటీ గుచ్చుతారు. మనుషుల జాడ లేని అసలు నేల తగిలేదాకా అదే పని. తీసిన మట్టిని జల్లెడ పడతారు.

చరిత్ర పంతులుగా దిబ్బ దగ్గర పిల్లలకు నేను చూపేది ఒక పెంకు. లోపలంతా, మూతి దగ్గర నలుపు. బయట కింది భాగం ఎరుపు. ఆవంలో కుండను బోర్లించి కాల్చడం వల్ల వచ్చిన రంగులవి. రాకాసిగుళ్లనే పెద్దరాతి సమాధులు కట్టిన ఇనుపయుగపు మనుషులు ఇలాంటి కుండలు వాడారు. చూశాక పెంకును ఉన్నచోటే పెట్టించేస్తాను. ఏ పొరలో దొరికిందో తెలియకపోతే దాని వయసు చెప్పడం కష్టం.

ఇప్పుడు నార్లాపూర్, ఏదుల, వట్టెం జలాశయాలొచ్చాయి. రోడ్లు, వెంచర్లు వస్తున్నాయి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. ఊరి పాటిదిబ్బకు మామూలుగా ఆ రక్షణ ఉండదు. పెంకు దొరికిందని చెబితే భూమి పోతుందేమోనని రైతు భయపడతాడు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. అయినా జేసీబీ దిగకముందే దిబ్బ మీద పరీక్షగా గుంతలు తీయాలి. వివరాలు రాసుకున్నాక వాటిని పూడ్చేయవచ్చు. ఇంగ్లండులో 1990 నుంచి ఇలాంటి తవ్వకాల ఖర్చు మామూలుగా కట్టడం కట్టేవాళ్లే భరిస్తున్నారు. ఇక్కడా వెంచరు వేసేవాళ్లే భరించాలి, రైతుకు పంటనష్టం ముందే చెల్లించాలి.