చీరల అడుగున దాచిన మాత్రలు: డిప్రెషన్ చికిత్సపై అపోహలు – వాస్తవాలు

మా ఇళ్లలో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఫ్రిజ్ మీద డబ్బాలో అందరికీ కనబడేలా ఉంటాయి. మా పిన్ని మాత్రం తన మాత్రల షీటును బీరువాలో చీరల అడుగున దాచుకునేది. అవి డిప్రెషన్‌కు డాక్టరు రాసిచ్చిన మాత్రలు. ఎవరి కంటనైనా పడితే ‘మెంటల్’ అంటారని ఆమె భయం. నాలుగు మాత్రలు వేసుకుని మానేసింది. ఆమె చేత మందు మాన్పించినవి మనం రోజూ అనే మాటలే. వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: డిప్రెషన్ అంటే మనసు బలహీనత. నాలుగు ధైర్యం మాటలు చెబితే అదే పోతుంది.

వాస్తవం: కష్టం వచ్చినప్పుడు దిగులు పడటం వేరు, డిప్రెషన్ వేరు. రెండు వారాలకు తగ్గకుండా రోజంతా దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం, చిన్న పని కూడా కొండలా కనిపించడం. ఇలాంటివి కొన్ని కలిసి వస్తే అది వైద్యం చేయించాల్సిన జబ్బు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్ ఉన్న ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి చికిత్స అందలేదు. ‘నీకేం తక్కువని ఈ ఏడుపు?’ అని అడిగామంటే, ఆ మనిషి తన బాధ చెప్పుకోవడం కూడా మానేస్తుంది.

అపోహ: అవన్నీ నిద్రమాత్రలే. మొదలుపెడితే జీవితాంతం వాడాల్సిందే.

వాస్తవం: డిప్రెషన్ మందులు వేరు, నిద్రమాత్రలు వేరు. ఎక్కువ రోజులు వాడితే అలవాటుగా మారే ప్రమాదం ఉన్నవి కొన్ని రకాల నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు. డిప్రెషన్ మందులపై జరిగిన 522 పరీక్షల ఫలితాలను పరిశోధకులు ఒకచోట చేర్చగా, 2018లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. వాటిలో పాల్గొన్నవారు 1,16,000 మందికి పైనే. పరిశీలించిన 21 మందులూ మందు లేని ఉత్తుత్తి మాత్రల కన్నా మెరుగ్గా పనిచేశాయి. సగటున ఆ తేడా మరీ పెద్దదేమీ కాదు, ఒకే మందు అందరికీ పడదు కూడా. మొదటిది సరిపడకపోతే డాక్టర్లు ఇంకొకటి రాసేది అందుకే. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే మానేసిన మా పిన్నికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పలేదు.

ఇక ‘జీవితాంతం’ అనే మాట. నెలల తరబడి మందు వాడి కుదుటపడిన 478 మందిపై ఇంగ్లండ్‌లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. క్రమంగా మందు మానేసినవారిలో ఏడాది లోపు 56 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. వాడుతూనే ఉన్నవారిలో 39 శాతం మందికి తిరగబెట్టింది. అంటే మానేసినా బాగున్నవాళ్లూ ఎందరో ఉన్నారు, మానేస్తే ముప్పు పెరిగే మాటా నిజమే. ఎప్పుడు, ఎలా తగ్గించుకోవాలన్నది డాక్టరుతో కలిసి తేల్చుకోవాలి. ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటి ఇబ్బందులు రావచ్చు.

అపోహ: పట్నంలో పెద్ద డాక్టరు ఉంటేనే వైద్యం. మాటలతో జబ్బు నయమవుతుందా?

వాస్తవం: అవుతుందని గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు చూపించాయి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిపై అక్కడ జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఈ మాటల చికిత్స అందించినవాళ్లు సైకియాట్రిస్టులు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఒక్కొక్కరితో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చున్నారు. మూడు నెలలకు వీరి దగ్గర 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యమే అందినవారిలో కోలుకున్నది 39 శాతం.

ఈ చికిత్సలో ఉపదేశాలు ఉండవు. ఒకప్పుడు పొద్దున్నే వాకిలి చిమ్మి ముగ్గేసే మనిషి ఇప్పుడు మంచం దిగడం లేదనుకుందాం. ‘లేచి పని చూసుకో’ అనరు. ‘రేపు ఒక్క పది నిమిషాలు వాకిట్లోకి రాగలరా? వచ్చాక మనసెలా ఉందో ఈ కాగితం మీద గుర్తు పెట్టండి’ అంటారు. మనసు బాగుపడ్డాక పని చేద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. చిన్న పనితో మొదలుపెడితే మనసు దాని వెంటే కదులుతుంది.

మన పశ్చిమ గోదావరిలోనూ, హర్యానాలోనూ 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఇలాంటి ప్రయత్నమే జరిగింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని బాధితుల ఇళ్లకు వెళ్లారు, పలకరించారు, డాక్టరు దగ్గరికి పంపారు. ఏడాది తిరిగేసరికి ఈ తోడు అందిన ఊళ్లలో డిప్రెషన్ లక్షణాలు అది అందని ఊళ్ల కన్నా ఎక్కువగా తగ్గాయి.

అపోహ: షాక్ ట్రీట్‌మెంట్ ఒక శిక్ష.

వాస్తవం: సినిమాల్లో చూపించేలా మెలకువగా ఉన్న మనిషిని కట్టేసి కరెంటు పెట్టడం చట్టరీత్యా నేరం. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈ చికిత్స చేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మందులకు లొంగని తీవ్ర డిప్రెషన్‌లో ఇది బాగా పనిచేస్తుంది. కొంత మతిమరుపు రావచ్చు. చాలామందికి అది తగ్గిపోయినా, కొందరికి కొన్ని జ్ఞాపకాలు తిరిగి రాకపోవచ్చు. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకునే హక్కు మనకుంది.

అపోహ: చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: అలా అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరుగుతాయనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. అడిగితే గుండె బరువు దింపుకునే వీలు కలుగుతుంది. పక్కన కూర్చుని, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?’ అని మెల్లగా అడగండి. అవునంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ‘టెలి మానస్’ నంబరు 14416కు ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెండేళ్ల తర్వాత పిన్ని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఈసారి బాబాయి తోడు వెళ్లాడు. ఇప్పుడా మాత్రల షీటు ఫ్రిజ్ మీద, ఆయన బీపీ మాత్రల డబ్బాలోనే ఉంటోంది. రాత్రి భోజనమయ్యాక ‘నీది వేసుకున్నావా?’ అని ఒకరినొకరు అడుగుతారు.