కొబ్బరితోటలో కొలువు

కొబ్బరి మీద పరిశోధన అంటే ఏం చేసేవాడివి తాతయ్యా అని చిట్టి అడిగింది. చెప్తాను, అందరూ అరుగు మీదికి జరగండి. ఎక్కువగా గెలలకి సంచులు కట్టేవాణ్ణమ్మా. ఆ కట్టింది మంచికే కట్టామో లేదో తేలడానికి పదేళ్ళు దాటిపోయేది. అంత కాలం ఎలా ఓర్చుకున్నారని చాలామంది అడుగుతారు. నాకది ఓర్చుకోవడంలా ఉండేదే కాదు. ఎందుకో తెలియాలంటే ముందు కొబ్బరిచెట్టు నడవడి తెలియాలి.

గెల పొర పగిలి బయటికొచ్చాక చూశారా ఎప్పుడైనా? రెబ్బల నిండా మగపూలు, వేలల్లో. ఆడపూలు మాత్రం రెబ్బల మొదట్లో, గెల మొత్తానికి పాతికో ముప్ఫయ్యో. పొడుగు రకాల్లో మగపూలు ముందు విచ్చి రాలిపోతాయి, దానికే మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత గానీ ఆడపూలు సిద్ధం కావు. అంచేత ఆ గెల పుప్పొడి ఆ గెలకి అందదు. వేరే గెల నుంచి గాలో తేనెటీగో తెచ్చివ్వాలి. రెండు రకాల్ని కలపాలనుకుంటే ఆ తేనెటీగ పని మనం చెయ్యాలి. చెట్టెక్కి మగపూలన్నీ గిల్లేసి, గెలకి సంచి తొడిగి, ఆడపూలు సిద్ధమైన రోజుల్లో పొట్టి రకం పుప్పొడిని టాల్కం పొడిలో కలిపి చల్లాలి.

చల్లాక కాయ ముదరడానికి పదకొండు, పన్నెండు నెలలు. నారుమడిలో మొలిచి, నాటే మొక్క కావడానికి దాదాపు ఇంకో ఏడాది. కాపుకి రావడానికి నాలుగైదేళ్ళు. ఆ కాపు నిలకడైనదా కాదా అని చూడ్డానికి మళ్ళీ కొన్నేళ్ళు. 1932లో, నీలేశ్వరం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, అక్కడ పటేల్ అనే శాస్త్రవేత్త పొడుగు రకాన్నీ పొట్టి రకాన్నీ ఇలాగే కలిపారు. ప్రపంచంలో తొలినాళ్ళ సంకర కొబ్బరి రకాల్లో అదొకటి. ఆ మొక్కల సత్తువ గురించి ఆయన లోకానికి చెప్పింది 1937లో. మన అంబాజీపేట నుంచి వచ్చిన గోదావరి గంగ కూడా ఆ దారినే పుట్టింది. తల్లి తూర్పు తీరపు పొడుగు రకం, తండ్రి మన గంగబొండం.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి. మామిడిచెట్టు ఏటేటా లావెక్కుతుంది. కొబ్బరికి ఆ వీలు లేదు. మాను ఒకసారి పైకి లేచాక దాని చుట్టుకొలత ఇక పెద్దగా పెరగదు. అందుకని నాటిన మొదటి మూడు నాలుగేళ్ళు అది ఎత్తు జోలికే వెళ్ళదు. నేల దగ్గరే కూర్చుని, మొదలు కావలసినంత లావయ్యేదాకా అడ్డంగా పెరుగుతుంది. కొత్తగా తోట వేసినవాళ్ళు "ఏంటండీ, మొక్క ఎదగట్లేదు" అని దిగులుగా వచ్చేవాళ్ళు. వాళ్ళని మొక్క దగ్గరికి తీసుకెళ్ళి మట్టల మొదళ్ళు పట్టి చూపించేవాణ్ణి. పోయినేటి కంటే ఎంత బలిసిందో చేతికి తెలిసేది. ఆ చేతికి తెలియడంలో ఉన్న ఆనందం చెప్పలేనర్రా.

మొవ్వు సంగతి ఇంకా చిత్రం. పైకి ముప్ఫై మట్టలు కనిపిస్తే, లోపల విచ్చుకోనివి ఇంచుమించు అన్నే ఉంటాయి. ఒక్కో మట్ట చంకలో ఒక్కో గెల. మన పాతకాలపు ఉమ్మడి ఇల్లు గుర్తు చేసుకోండి, ఒకడు పెళ్ళికి ఎదిగి ఉంటే ఒకడు బడికి పోతుంటాడు, ఇంకొకడు ఉయ్యాల్లో, మరొకడు కడుపులో. చెట్టు తల అచ్చం అలాగే. గెల మొవ్వులో అంకురించాక, పొర పగిలి బయటపడడానికి సుమారు 32 నెలలు. కాయ ముదరడానికి మరో 12. అంటే మీ అమ్మ ఇవాళ పచ్చట్లోకి కొట్టిన కాయ మూడున్నరేళ్ళ కంటే ముందే మొదలైంది! ఈ ఏడు వాన ఎగ్గొడితే ఆ దెబ్బ రెండేళ్ళ తర్వాత కూడా కాపులో కనిపిస్తుంది.

నాతో చేరినవాళ్ళు కొందరు వేరే శాఖలకి మారి చకచకా పైకెళ్ళారు. నా ప్రమోషను ఆలస్యంగానే వచ్చింది. మొదట్లో మనసుకి గుచ్చుకునేది. మొవ్వు లెక్క తెలిశాక, తోటలోకి అడుగుపెడితే చాలు, నా చుట్టూ ఏదీ ఆగిలేదని కనిపించేది. చెట్టుకి నెలకో మట్ట విచ్చుకుంటుంది, నెలకో గెల వస్తుంది. ఆడపూలు లెక్కపెట్టాలి, రాలిన పిందెలు లెక్కపెట్టాలి, పుస్తకంలో ఎక్కించాలి. ఆఖరి ఫలితం ఎప్పటికో వస్తుంది గానీ, ఈ నెల సంగతి ఈ నెలే తెలుస్తుంది కదా. అది తెలుసుకోవడానికే పొద్దున్నే లేవాలనిపించేది.

మా తోటలో దింపు తీసే పెద్దాయనొకడు ఉండేవాడు. చదువుకోలేదు. చెట్టెక్కి మొవ్వు చుట్టూ తడిమి, "వచ్చే వేసంగికి ఈ చెట్టు కాయ తగ్గుద్దండి బాబూ" అనేవాడు. తర్వాత నా పుస్తకం తిరగేస్తే చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది. పైకి రావడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆయనే గుర్తొస్తాడు. జీవితమంతా అదే చెట్లు ఎక్కాడు, ఎక్కిన ప్రతిసారీ వాటి గురించి ఇంకొంచెం తెలుసుకుని దిగాడు.

మానుకి కనిపించే వలయాలు మట్టలు రాలిన మచ్చలు. బాగా ఎదిగిన చెట్టుకి ఏడాదికి పన్నెండు దాకా పడతాయి. రేపు పెరట్లో చెట్టు దగ్గర అందినంత వరకు లెక్కపెట్టండి. ఎక్కడైనా మచ్చలు బాగా దగ్గరదగ్గరగా ఉంటే అది ఏ కరువేడో లెక్కగట్టి, నిజమేనా అని నాయనమ్మనడగండి. ఆవిడకి అన్ని కరువులూ గుర్తే.