రొయ్య చిటికకు చెదరని సంకేతం

వాకాడు మండలంలో, తూపిలిపాళెం పక్కన పామంజి దగ్గర సముద్రపు ఒడ్డున జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వారి తీర కేంద్రం ఉంది. సంస్థ పుట్టింది 1993లో, చెన్నైలో. 2022లో వాకాడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, ఆ ఒడ్డు జనం నోట ఇంకా నెల్లూరు తీరమే.

ఈ సంస్థ పనుల్లో సామాన్యులకు ఎక్కువగా తెలిసింది సునామీ బోయ. సముద్రం అడుగున ఒక పరికరం నీటి ఒత్తిడిని కొలుస్తూ ఉంటుంది. అది చెప్పే అంకెలు పైన తేలే బోయకు, అక్కణ్ణుంచి ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరతాయి. 2004 డిసెంబరు 26 సునామీ విషాదం తర్వాత, 2007 అక్టోబరులో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఈ గొలుసులో జనం పెద్దగా పట్టించుకోని లంకె, అడుగు నుంచి బోయ దాకా ఉన్న నీళ్లు. అక్కడ తీగ ఉండదు. రేడియో తరంగాన్ని ఉప్పునీరు ఇట్టే మింగేస్తుంది. మిగిలింది శబ్దం ఒక్కటే. నీళ్లలో అది సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. అంటే 3000 మీటర్ల లోతు నుంచి మాట పైకి రావడానికి రెండు సెకన్లు.

నిట్టనిలువుగా పైకి పంపడం నిజానికి సులువైన లెక్క. చిక్కంతా ఒడ్డు దగ్గర, లోతులేని నీళ్లలో అడ్డంగా పంపేటప్పుడు వస్తుంది. 15 మీటర్ల లోతు, 200 మీటర్ల దూరం అనుకుందాం. పంపేది, వినేది రెండూ నీటికి నడిమధ్యన ఉన్నాయి. నేరుగా వచ్చే శబ్దం 200 మీటర్లు నడుస్తుంది. నీటి పైపొరకూ అడుగుకూ మార్చి మార్చి అయిదు సార్లు తగిలి వచ్చేది దాదాపు 213.6 మీటర్లు నడుస్తుంది. తేడా పదమూడున్నర మీటర్లే అయినా, నీళ్లలో అది 9 మిల్లీసెకన్ల ఆలస్యం. సమాచారాన్ని గుర్తులుగా విడగొట్టి సెకనుకు 2000 చొప్పున పంపుతుంటే, ఆ లోపు 18 గుర్తులు గడిచిపోతాయి. తిరునాళ్లలో రెండు మైకులు దూరదూరంగా కట్టినప్పుడు మాట మీద మాట పడి ఏదీ అర్థం కాదు కదా, అదే పరిస్థితి. రెండో తరం మొబైల్ ఫోన్లను 16 మైక్రోసెకన్ల ఆలస్యానికి, అంటే నాలుగైదు గుర్తుల కలగాపులగానికి తట్టుకునేలా కట్టారు. సముద్రం ముందు అది పిల్లల ఆట.

ఈ కలగాపులగాన్ని విడదీసేదే ఈక్వలైజర్. అది ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కలో చూద్దాం. పంపే ప్రతి గుర్తూ +1 గానీ −1 గానీ. ప్రతిధ్వని ఒక్కటే, ముందు గుర్తులో సగం బలంతో ఇప్పటి గుర్తు మీద పడుతుంది. అప్పుడు వచ్చిన విలువ నుంచి అంతకుముందు వచ్చిన విలువలో సగం తీసెయ్యాలి. కానీ ఆ ముందు విలువలో దాని ముందుదాని ప్రతిధ్వని కూడా ఉంది, కాబట్టి పావు వంతు తిరిగి కలపాలి, తర్వాత అరపావు తియ్యాలి. ఇలా సాగే ఒక్కో మెట్టునూ ఇంజినీర్లు ట్యాప్ అంటారు. అయిదు ట్యాపులు పెడితే మిగిలే మురికి ముప్పై రెండో వంతు. చాలామట్టుకు సరిపోతుంది.

ఇప్పుడు ప్రతిధ్వని బలం సగం కాక 0.9 అనుకోండి. లోతులేని నీళ్లలో అదేమీ వింత కాదు. మురికిని అదే స్థాయికి దించడానికి 33 ట్యాపులు కావాలి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ప్రతి ట్యాపూ ప్రతిధ్వనితో పాటు రొదను కూడా మోసుకొస్తుంది. సగం బలం ఉన్నప్పుడు రొద శక్తి మూడింట ఒక వంతే పెరిగింది, 0.9 దగ్గర అయిదు రెట్లు దాటుతుంది. ప్రతిధ్వనిని పూర్తిగా చెరిపెయ్యాలని పట్టుబట్టిన ఈక్వలైజర్ రొదను పెంచి పోషిస్తుందన్న మాట. అందుకే అనుభవమున్నవాళ్లు కొంత ప్రతిధ్వనిని అలాగే వదిలేసి, మొత్తం మీద తప్పు తక్కువయ్యే చోట ఆగుతారు.

ఇంకో దారి ఉంది. ముందు గుర్తు +1 అని తేల్చేశాం కదా, అయితే దాని ప్రతిధ్వని కచ్చితంగా 0.9. దాన్ని తీసేస్తే సరి! తేల్చిన గుర్తులో రొద ఉండదు, కాబట్టి రొద పెరగదు. 33 ట్యాపుల పని ఒక్క ట్యాపు చేస్తుంది. దీన్ని నిర్ణయాన్ని వెనక్కి ఇచ్చే ఈక్వలైజర్ అంటారు. పొదుపుగా కట్టాలంటే నాకు నచ్చే దారి ఇదే. అయితే ఇందులో ఒక ఉచ్చు ఉంది. +1ని పొరపాటున −1 అనుకున్నామనుకోండి. తీసెయ్యాల్సిన 0.9ని కలుపుతాం, తర్వాతి గుర్తు మీద 1.8 అదనపు బరువు పడుతుంది. ఆ గుర్తు −1 అయితే మనకు +0.8గా కనిపించి అదీ తప్పుతుంది. అంటే ఒక తప్పు తర్వాత ఇంకో తప్పుకు సగం అవకాశం. తప్పులు విడివిడిగా కాక గుంపుగా పడతాయి. ఆ గుంపును ఇక్కడ తయారుచేసింది సముద్రం కాదు, మన పరికరమే.

సముద్రం తన వంతు గుంపు తప్పులు వేరే తెస్తుంది. వెచ్చటి, లోతులేని తీర జలాల్లో గోటితో చిటిక వేసే చిన్న రొయ్య జాతులు ఉంటాయి. (చెరువుల్లో పెంచే వనామీకి ఈ విద్య లేదు.) గోరు మూసిన వేగానికి నీళ్లలో ఒక బుడగ పుడుతుంది. శబ్దం గోటిది కాదని, ఆ బుడగ కూలినప్పటిదని 2000లో తేల్చారు. గుంపులో వేల చిటికలు పడుతుంటే నీటి కింద మైకుకు నూనెలో ఆవాలు పేలినట్టు వినిపిస్తుంది. మామూలు రొద నిలకడగా ఉంటుంది. చిటిక మాత్రం ఒక్క క్షణం సంకేతాన్ని పూర్తిగా ముంచేస్తుంది.

ఇక్కడే ఈక్వలైజర్‌కు ఇంకో దెబ్బ తగులుతుంది. అలలు కదులుతుంటే ప్రతిధ్వని దారులు మారిపోతాయి కాబట్టి ట్యాపుల విలువలు ఎప్పటికప్పుడు సర్దుకోవాలి. 1960లో విడ్రో, హాఫ్ అనే ఇంజినీర్లు ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది: తప్పు ఎంత పెద్దదైతే దిద్దుబాటు అంత పెద్దది. చిటిక పడితే తప్పు కొండంత కనిపిస్తుంది, దిద్దుబాటూ అంతే. శబ్దం పోయినా చెడిన విలువలు అలాగే ఉండిపోతాయి. కుదురుకునే దాకా వచ్చే మంచి గుర్తులు కూడా పాడవుతాయి. దీనికి మందు ఆశ్చర్యపడేంత చిన్నది. తప్పు పరిమాణం చూడకుండా అది ఏ వైపు ఉందో మాత్రమే చూసి, ఎప్పుడూ ఒకే చిన్న అడుగు వెయ్యడం. కొండంత చిటిక వచ్చినా దిద్దుబాటు ఆవగింజంతే. గుణకారాలు కూడా తగ్గుతాయి కాబట్టి చిప్ చిన్నదవుతుంది, బ్యాటరీ మిగులుతుంది. నేర్చుకోవడం నెమ్మదిస్తుందన్నది నిజమే. అల జోరుగా ఉన్న రోజు అది వెనకబడుతుంది. అయినా చిటికలున్న నీళ్లలో నేను ఆ నెమ్మదినే ఎంచుకుంటాను. ట్యాపులు ఎన్ని ఎక్కువైతే వాటి వణుకు అంత ఎక్కువ కాబట్టి, 18 గుర్తుల పొడవునా వరసగా పేర్చకుండా ప్రతిధ్వనులు నిజంగా వచ్చే చోట్లనే అయిదారు పెట్టడం మేలు.

పరికరం కదిలితే మరో బాధ. సెకనుకు ఒకటిన్నర మీటరు కదలిక శబ్ద వేగంలో వెయ్యో వంతు. సెకనుకు రెండు గుర్తులు జారిపోతాయి. స్టొయనోవిచ్, కాటిపోవిచ్, ప్రోకిస్ అనే పరిశోధకులు 1994లో ఈక్వలైజర్‌కు ఈ జారుడును కనిపెట్టి సరిచేసే వలయాన్ని జోడించి చూపించారు.

ఇంత చేసినా చిటిక కింద పడిన గుర్తులు పోయినట్టే. వాటిని ఈక్వలైజర్ తిరిగి తేలేదు, తెమ్మని అడగడమే పొరపాటు. ఆ పని పంపేచోటే మొదలుకావాలి. నాలుగు గుర్తులకు మూడు తనిఖీ గుర్తులు కలిపి ఏడు చేస్తే, అందులో ఒక తప్పును దిద్దుకోవచ్చు. అలాంటి పది వరసలు రాసి, అడ్డంగా కాక నిలువుగా చదివి పంపితే, వరసగా పది గుర్తులు పోయినా ఒక్కో వరసకు ఒక్కటే నష్టం. పదీ దొరుకుతాయి. ఖర్చు 70 గుర్తుల నిరీక్షణ, 35 మిల్లీసెకన్లు. ఈక్వలైజర్ వల్ల పుట్టిన గుంపు తప్పులూ దీనితోనే చెదిరిపోతాయి. చిటిక పడిన చోటును ‘ఇక్కడ నాకు నమ్మకం లేదు’ అని ఈక్వలైజరే గుర్తుపెట్టి, తప్పులు దిద్దే భాగానికి అందిస్తే ఇంకా లాభం: చోటు తెలిసిన నష్టాలైతే అదే ఏడు గుర్తుల్లో రెండింటిని పూడ్చవచ్చు.

నిమిషాల కొద్దీ విరామంతో కొన్ని అంకెలు మాత్రమే పంపే సునామీ పరికరానికి ఇవన్నీ లేకుండానే గడుస్తుంది. స్వరాలు మార్చి, మధ్యలో ప్రతిధ్వని చచ్చేదాకా ఆగి పంపితే చాలు. తూపిలిపాళెం లాంటి ఒడ్డున, లోతులేని నీళ్లలో అడ్డంగా ఒక కెమెరా బొమ్మలు పంపాలన్నప్పుడే ఆ అయిదారు ట్యాపుల అవసరం పడుతుంది.