డిలీట్ చేసిన ఫొటో ఎక్కడికి పోతుంది?

పెళ్లిళ్ల రోజుల్లో గజపతినగరం స్టూడియోవాళ్లను వెంటాడే భయం ఒకటుంది: మూడు ముళ్ల ఫొటోలున్న మెమరీ కార్డును, కాపీ చేసుకోకముందే, ఎవరైనా ఫార్మాట్ కొట్టేస్తారేమోనని. నిజానికి చాలాసార్లు ఆ ఫొటోలు కార్డులోనే ఉంటాయి.

డిలీట్ నొక్కగానే కెమెరా ఫొటోను తుడిచేయదు. ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టికలోంచి దాని పేరు కొట్టేస్తుంది, అంతే. మామూలు ఫార్మాట్ కూడా అలాంటిదే. అడంగల్లో పేరు కొట్టేస్తే పొలం మాయమవుతుందా? ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఆ పట్టికను పక్కనపెట్టి కార్డంతా గాలిస్తాయి. జేపెగ్ ఫొటోలన్నీ ఒకే రకం బైట్లతో మొదలవుతాయి కాబట్టి, ఆ గుర్తు పట్టుకుని ఫొటోను బయటకు లాగుతాయి.

అసలు తమాషా ఫ్లాష్ చిప్పు పనితీరులో ఉంది. అందులో సమాచారమంటే బంధక పొరల మధ్య చిక్కుకున్న ఎలక్ట్రాన్లే. ఒకసారి రాసినచోట నేరుగా మళ్లీ రాయలేం, ముందు చెరపాలి. చెరపాలంటే పేజీలనే చిన్న భాగాలు ఎన్నో ఉన్న బ్లాకు మొత్తాన్ని ఒకేసారి చెరపాలి. పదేపదే చెరిపితే చిప్పు అరిగిపోతుంది. అందుకే చిప్పును నడిపే కంట్రోలర్ కొత్త సమాచారాన్ని వేరేచోట రాసి, పాత కాపీని అప్పటికి అలాగే వదిలేస్తుంది. 2011లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్లాష్ చిప్పులతోనే పనిచేసే ఎస్ఎస్‌డీలను పరీక్షిస్తే, ఒకటి ‘అంతా చెరిపేశాను’ అని చెప్పింది. తీరా చూస్తే సమాచారమంతా చెక్కుచెదరకుండా ఉంది!

కరెంటు పోతే ఖాళీ అయిపోతుందనుకునే ర్యామ్‌నూ నమ్మలేం. 2008లో ప్రిన్స్‌టన్ బృందం ర్యామ్ చిప్పుల్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, కరెంటు లేకుండా గంటసేపు ఉంచింది. చెడిపోయిన బిట్లు 0.17 శాతమే.

  పాడైన ఫోన్ల సంగతీ అంతే: బోర్డు పాడైనా చిప్పు పగలకపోతే, వేడిచేసి ఊడదీసి, రీడర్లో పెట్టి చదువుతారు. ఫోరెన్సిక్ నిపుణులు దీన్ని ‘చిప్ ఆఫ్’ అంటారు.

అయితే కొత్త ఫోన్లలో ఈ విద్య అంతగా పారదు. వాటిలో సమాచారమంతా సంకేత రూపంలోనే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే దాన్ని విప్పే తాళంచెవి పోతుంది, చిప్పులో మిగిలింది అర్థంలేని బైట్ల గుంపు. మెమరీ కార్డులకు మామూలుగా ఈ రక్షణ ఉండదు.

కాబట్టి ఫొటోలు పొరపాటున పోతే ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి, వెంటనే బయటకు తీసేయండి. పాత ఫోను అమ్మేటప్పుడు మాత్రం కార్డును అందులో వదలకండి.