పై మండీకి చెప్పని మాట: ఇంటి రూటర్ అపోహలు – వాస్తవాలు

కువైట్‌లో రాత్రి తొమ్మిదైతే సొంతూరు వేములలో పదకొండున్నర. అక్కడ పని ముగించుకొని గదికి చేరిన కొడుకు, ఊళ్లో చీనీ (బత్తాయి) తోట ఇంటికి పెట్టించిన కెమెరా ఒకసారి చూద్దామని ఫోన్ తీస్తాడు. తెర మీద చక్రం తిరుగుతుందే గానీ బొమ్మ రాదు. ఇంటికి ఫోన్ చేసి, "నాయనా, ఆ నెట్ డబ్బా ఆపేసి మళ్లా వెయ్యి" అంటాడు. "నాలుగుసార్లు వేసినా, రాలేదురా" అని అవతలి నుంచి నిద్రమత్తు గొంతు.

తెల్లారి కెమెరాలు బిగించినాయన్ను అడిగితే, "పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా, నెట్ వాళ్లనడుగు" అంటాడు. నెట్ ఆయన, "మా లైట్లన్నీ పచ్చగానే ఉండాయి, కెమెరా వాళ్లనడుగు" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. అయినా కెమెరా కనబడదు. ఎందుకో తెలియాలంటే డబ్బా చుట్టూ అల్లుకున్న అపోహల్ని ఒక్కొక్కటిగా విప్పుకోవాలి.

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఊరి కేబుల్ ఆపరేటర్ల ద్వారా నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇంటికి ఇవ్వడం దాని పద్ధతి. ప్రైవేటు కంపెనీల ఫైబరూ చిన్న పట్టణాల్లోకి చేరింది. తీగ ఇంటిదాకా వచ్చింది గానీ, డబ్బా లోపలి సంగతి చెప్పేవాళ్లు మాత్రం రాలేదు.

అపోహ 1: నెట్ లేకపోతే రూటర్ పేజీ తెరుచుకోదు.

వాస్తవం: రూటర్ అమరికలు మార్చే ఆ పేజీ ఉండేది మీ ఇంట్లోని డబ్బాలోనే. వీధిలో ఫైబర్ తెగిపోయినా అది తెరుచుకుంటుంది. తెరుచుకోకపోవడానికి తరచూ కారణం మన ఫోనే. వై-ఫైలో నెట్ లేదని గమనించగానే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. అప్పుడు ఆ పేజీ కోసం మీరు కొట్టిన నంబరును డబ్బాలో కాకుండా బయట వెతుకుతాయి. మొబైల్ డేటా ఆపేసి మళ్లీ ప్రయత్నించండి. నంబరును గూగుల్ వెతుకుపెట్టెలో కొడితే వచ్చేవి వెతుకు ఫలితాలే. బ్రౌజర్ పైనున్న అడ్రస్ గడిలో కొట్టాలి. 'ఈ సైటు సురక్షితం కాదు' అని బ్రౌజర్ హెచ్చరించినా, నంబరు మీ డబ్బాదేనని ఖాయమైతే కంగారుపడక్కర్లేదు.

అపోహ 2: ఏ రూటర్‌కైనా నంబరు 192.168.1.1.

వాస్తవం: అది ఎక్కువ వాడుకలో ఉన్న నంబరు, అంతే. కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది; జియో ఫైబర్ డబ్బాకు సాధారణంగా 192.168.29.1. ఊహించే పని లేదు. ఫోన్‌లో వై-ఫై వివరాలు తెరిస్తే 'గేట్‌వే' లేదా 'రూటర్' అనేదాని ఎదురుగా నంబరు కనిపిస్తుంది. 192.168తో మొదలయ్యే నంబర్లను ఇళ్ల, ఆఫీసుల లోపలి వాడకానికని 1990ల్లోనే కేటాయించి పెట్టారు. వీధిలో ప్రతి ఇంటికీ 'వంటిల్లు' ఉన్నట్టే ఇవి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఆ పేరు చెబితే బయటివాడికి ఏ ఇంటి వంటిల్లో తెలియదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

అపోహ 3: వై-ఫై పాస్‌వర్డే లాగిన్ పాస్‌వర్డ్. మరిచిపోతే వెనక బొక్కలో పిన్ను గుచ్చితే సరి.

వాస్తవం: అవి రెండు వేర్వేరు తాళాలు. వై-ఫై పాస్‌వర్డ్ ఇంట్లోకి రావడానికి, లాగిన్ పాస్‌వర్డ్ బీరువా తెరవడానికి. రెండోది సాధారణంగా డబ్బా అడుగున అంటించిన చీటీ మీద ఉంటుంది. నెట్ పెట్టినప్పుడు ఆపరేటర్ మార్చి ఉంటే ఆయన్నే అడగాలి.

పిన్ను గుచ్చడం మాత్రం ఆఖరి పని. ఆపి వెయ్యడం వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే చాలా డబ్బాల్లో కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఆపరేటర్ పెట్టిన ఇతర అమరికలు కూడా చెరిగిపోతాయి. అప్పటిదాకా కెమెరా ఒక్కటే రాలేదు. ఇప్పుడు ఇంట్లో మొత్తం నెట్టే పోతుంది. ఆపరేటర్ మనిషి వచ్చేదాకా పిల్లల చదువు, టీవీ లాంటివన్నీ ఆగుతాయి. లాగిన్ అయ్యే అవకాశం ఉన్నప్పుడే బయటి కనెక్షన్ వివరాలుండే 'వ్యాన్' పేజీని ఫోన్‌తో ఫోటో తీసి దాచుకోండి.

అపోహ 4: పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి 'సేవ్' నొక్కితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. చీనీ మండీ తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది.

నలుగురు రైతుల కాయలు ఒకే వ్యాపారి పేరు మీద లారీలో బయటికి పోతాయి. ఎవరివి ఎన్ని బాక్సులో గుమస్తా చిట్టాలో రాసుకుంటాడు. డబ్బు తిరిగొచ్చినప్పుడు చిట్టా చూసి ఎవరిది వారికి ఇస్తాడు. రూటర్ చేసేదీ ఇదే. ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ ఒకే ఐపీ నంబరు మీద బయటికి వెళ్తాయి. జవాబు రాగానే రూటర్ తన చిట్టా చూసి సరైన పరికరానికి చేరుస్తుంది. కానీ చిట్టాలో లేని కొత్త మనిషి బయటి నుంచి వచ్చి తలుపు తడితే ఎవరి దగ్గరికి పంపాలో తెలియక వెనక్కి పంపేస్తుంది. 'ఫలానా నంబరు చెప్పి ఎవరొచ్చినా కెమెరా దగ్గరికి పంపు' అని గుమస్తాకు ముందే చెప్పిపెట్టడం పోర్ట్ ఫార్వర్డింగ్.

అంతవరకూ బాగుంది. అయితే మీ ఊరి మండీ పైన పట్నంలో ఇంకో పెద్ద మండీ ఉంటే? బయటివాడు ముందు తట్టేది దాని తలుపు. మీరు చెప్పింది మీ గుమస్తాకే. పై గుమస్తాకు ఎవరూ చెప్పలేదు. వచ్చినవాడు అక్కడి నుంచే వెనుదిరుగుతాడు.

ఈ పై మండీ పేరు సీజీనాట్. పాత పద్ధతి ఐపీ నంబర్లు మొత్తం దాదాపు 429 కోట్లే. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వ పంచడం అయిపోయింది. అదే ఏప్రిల్‌లో ఆసియా–పసిఫిక్ వాటా చివరి దొంతరకు చేరింది. ఆలస్యంగా నెట్ వచ్చిన ప్రాంతాల వాళ్లకు ఇంటికో నంబరు ఇచ్చే వీలు లేకపోయింది. అందుకే చాలా కంపెనీలు ఒక్క నంబరు కింద ఎన్నో ఇళ్లను కూర్చోబెట్టాయి. ఈ మధ్య అంచె కోసమే 2012లో 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా నంబర్లను పక్కన పెట్టారు.

మీ ఇల్లు ఆ పై మండీ కిందే ఉందా? రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రూటర్ పేజీలో 'వ్యాన్ ఐపీ' ఎదుట ఉన్న నంబరు రాసుకోండి. అదే వై-ఫై మీద 'నా ఐపీ ఎంత' అని చెప్పే ఏదైనా సైటు తెరిచి అక్కడి నంబరు చూడండి. రెండూ ఒకటే అయితే తలుపు మీ చేతిలోనే ఉంది. వేరైతే, మొదటి నంబరు చూడండి. 100తో మొదలై తర్వాతి సంఖ్య 64 నుంచి 127 లోపు ఉంటే అది కంపెనీ మండీ. 192.168తోనో 10తోనో మొదలైతే మీ ఇంట్లోనే రెండు రూటర్లు ఒకదాని వెనక ఒకటి ఉండొచ్చు, లేదా అదీ కంపెనీ లోపలి నంబరే కావచ్చు. ఆపరేటర్ డబ్బా వెనక మీరు కొన్న కొత్త రూటర్ ఉంటే, దాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చుకుంటే ఒక గుమస్తా తగ్గుతాడు.

అపోహ 5: ఇంట్లో కూర్చుని పరీక్షిస్తే రాలేదు, కాబట్టి అమరిక తప్పు.

వాస్తవం: ఇంటి వై-ఫైలో ఉండి మన ఇంటి బయటి నంబరును కొడితే, అలా వెనక్కి తిప్పి లోపలికి పంపడం చాలా రూటర్లకు చేతకాదు. పరీక్ష మొబైల్ డేటా మీద చెయ్యండి. పోర్ట్ తెరిచి ఉందో లేదో చూసే సైటు 'మూసి ఉంది' అని చెప్పినా దాని అర్థం రూటర్ ఆపిందని మాత్రమే కాదు. అవతల కెమెరా లేదా దాని రికార్డర్ (డీవీఆర్) ఆగిపోయి ఉన్నా అదే జవాబు వస్తుంది.

ఇంకో రెండు చోట్ల జారిపోతారు. కరెంటు పోయి వచ్చాక కెమెరాకు లోపలి నంబరు మారవచ్చు, నిన్న 192.168.1.5 అయినది ఇవాళ 192.168.1.9. గుమస్తా పాత గదికే పంపుతుంటాడు. రూటర్‌లో ఆ కెమెరాకు నంబరు స్థిరంగా కేటాయిస్తే ఈ బాధ తప్పుతుంది. అలాగే బయటి నంబరూ మారుతుంటుంది. దానికి డీడీఎన్ఎస్ అనే సదుపాయం ఉంది. నంబరు మారినా ఒకే పేరుతో పిలవొచ్చు. కానీ పై మండీ సమస్యకు ఇది మందు కాదు.

అపోహ 6: ఏదీ పనిచేయకపోతే ఫైర్‌వాల్ ఆపేసి 'డీఎంజెడ్' పెడితే పోతుంది.

వాస్తవం: డీఎంజెడ్ అంటే బయటి నుంచి ఎవరొచ్చినా ఆ ఒక్క పరికరం దగ్గరికే పంపమనడం. అది తాళం చెవి దొరకలేదని తలుపు పీకేయడం. 2016లో మిరాయ్ అనే పురుగు ప్రపంచమంతా తిరిగి, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లే మార్చకుండా వదిలేసిన కెమెరాల్లో, రూటర్లలో దూరింది. దాని దగ్గర ఉన్నది అరవై పైచిలుకు యూజర్‌నేమ్–పాస్‌వర్డ్ జతల జాబితా, అంతే. అలా పోగుచేసిన పరికరాలతో అదే ఏడాది అక్టోబర్ 21న సైట్ల పేర్లకు ఐపీ నంబర్లు చూపే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. ప్రొద్దుటూరు బంగారు కొట్టు కెమెరా అయినా, జమ్మలమడుగు మందుల షాపు కెమెరా అయినా పాస్‌వర్డ్ 'అడ్మిన్' అని ఉంటే ఆ జాబితాకు చిక్కినట్టే.

అపోహ 7: పోర్ట్ ఫార్వర్డింగ్ లేకుండా కువైట్ నుంచి కెమెరా చూడలేం.

వాస్తవం: చూడొచ్చు. ఇప్పటి కెమెరాల్లో చాలావాటికి క్యూఆర్ కోడ్‌తో పనిచేసే యాప్ ఉంటుంది. అందులో కెమెరానే లోపలి నుంచి కంపెనీ సర్వర్‌కు బయలుదేరుతుంది. కాయలు ముందుగా బయటికి పోయాయి గనుక కింది చిట్టాలోనూ పై చిట్టాలోనూ పేరు ఎక్కుతుంది. జవాబు తిరిగి రాగలుగుతుంది. అయితే ఆ యాప్ ఖాతాకు గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, ఆ కంపెనీ సర్వర్ నడుస్తున్నంత కాలమే ఈ దారి. కొంచెం తెలిసినవాళ్లు ఇంట్లో ఎప్పుడూ నడిచే ఒక కంప్యూటర్‌లో టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకుంటారు. అదీ లోపలి నుంచే బయలుదేరుతుంది కాబట్టి పై మండీని దాటుతుంది.

సొంత తలుపే కావాలంటే ఆపరేటర్‌ను స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగాలి. దానికి సాధారణంగా విడిగా డబ్బు కట్టాలి. కొత్త పద్ధతి ఐపీవీ6లో నంబర్లకు కరువు లేదు, ప్రతి కెమెరాకూ సొంత నంబరు దొరుకుతుంది. అయినా రూటర్ ఫైర్‌వాల్‌లో దానికి అనుమతి ఇవ్వాలి, చూసే వైపు నెట్‌కూ ఐపీవీ6 ఉండాలి.

ఇక మళ్లీ ఆ రాత్రికి వద్దాం. ఈసారి కొడుకు డబ్బా ఆపి వెయ్యమని అనక్కర్లేదు. పగటిపూట ఫోన్ చేసి, "నాయనా, వ్యాన్ ఐపీ అని ఉండే నంబరు చదువు" అంటే చాలు. "వంద, డెబ్బై రెండు..." అని అవతలి నుంచి వినబడగానే సంగతి తేలిపోతుంది. ఆపరేటర్‌ను అడగాల్సిన ప్రశ్న "నెట్ ఎందుకు రాలేదు" అన్నది కాదు, "మాకు పబ్లిక్ ఐపీ ఇస్తారా, ఎంత కట్టాలి" అన్నది. పదకొండున్నరకు నాయనను నిద్రలేపే పనే ఉండదు.